మీదే ఊరు? – కళాశాల ప్రవేశముల చరిత్ర

ఉగాది సంచికకు ఏదైన చరిత్ర విషయము వ్రాయవలసినదని మన సంఘ కార్యదర్శిగారు కోరినపుడు, హంపి వైభవమును గురించియో, రాయలవారి దిగ్విజయములను గురించియో వ్రాయుదునని వారు తలచియుందురు. అట్టి పని చేయగల పెద్దలు మన హుబ్లీలో పలువురున్నారు. నేను పదవ తరగతితో చదువు చాలించి, రైల్వే రిజర్వేషను ఆఫీసులో గుమాస్తాగా పొట్ట పోసికొనుచున్నవాడను. కాని యొక సంగతి కనిపెట్టితిని. ఎండలు ముదిరి పరీక్షల ఫలితములు వచ్చు వేళకు, మన సంఘ భవనములో నలుగురు చేరినచో రాయలవారి మాట ఎవరును ఎత్తరు. "మా వానికి ఆ కాలేజీలో సీటు దొరకునా? వారు మనలను లోకల్ అందురా, నాన్‌లోకల్ అందురా?" – ఇదే మాట. కనుక ఆ సీటు పుట్టుపూర్వోత్తరములనే చరిత్రగా వ్రాయ సాహసించుచున్నాను. పండితులు మన్నింతురుగాక.

ఈ కాలమున కళాశాల గొప్పతనమును, లోపల ఏమి నేర్పుదురను దానిని బట్టి గాక, గుమ్మము వద్ద ఎందరిని త్రిప్పిపంపుదురను దానిని బట్టి లెక్కించుట అలవాటైనది. వందమంది దరఖాస్తు పెట్టగా ఇద్దరిని చేర్చుకొనునది గొప్ప కాలేజీ. అరువదిమందిని చేర్చుకొనునది సామాన్యపు కాలేజీ. 2024లో వైద్యవిద్య కొరకు దేశమంతటికిని జరిగిన నీట్ పరీక్షకు 23 లక్షలకు పైగా పిల్లలు కూర్చుండిరి. ఎం.బి.బి.ఎస్. సీట్లు లక్షకు కొంచెము పైన మాత్రమే. నూటికి ఐదుగురికైనను చాలవు. పత్రికలలో ఈ అంకె చూచి మన తల్లిదండ్రులు గుండె బాదుకొందురు.

అంకె నిజమే. అయితే రిజర్వేషను గుమాస్తా కంటికి అది సగము లెక్క మాత్రమే. అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో పాత రకపు స్లీపరు పెట్టెకు 72 బెర్తులని అందరికిని తెలియును. ఆ బెర్తులన్నియు ఒకే కుప్పగా లేవని మాత్రము ప్రయాణికులలో చాలమందికి తెలియదు. బండి బయలుదేరు స్టేషనులో ఎక్కువారికి ఒక కోటా, నడిమి స్టేషనులవారికి వేరొక కోటా. ఇరువురి టిక్కెట్టు మీదను "వెయిటింగ్ లిస్టు 10" అని యున్నను, ఒకనికి బెర్తు దొరకును, వేరొకనికి దొరకదు. ఏ జాబితాలో పదవవాడవన్నదే అసలు ప్రశ్న. కాలేజీ సీటును ఇంతే. మొత్తము సీట్లెన్ని, మొత్తము దరఖాస్తులెన్ని అనుటకంటె, మనము ఏ జాబితాలో నిలుచున్నామో తెలిసికొనుట ముఖ్యము. ఆ జాబితాలను ఎవరు, ఎప్పుడు, ఏ కారణమున వేసిరనునదే ఈ చరిత్ర.

మొదట జాబితాలు లేవు. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసులయందు విశ్వవిద్యాలయములు వెలసినవి. ఒక ప్రవేశ పరీక్ష పెట్టిరి. దానికే మెట్రిక్యులేషన్ అని పేరు. అది లాటిను నుండి వచ్చిన మాట. విద్యార్థుల పట్టీలో పేరు ఎక్కించుట యని అర్థము. ఈ పరీక్ష చదువునకు ముగింపు కాదు, గుమ్మము. క్రమముగా మన దేశమున ఆ గుమ్మమే కొందరికి ఇల్లైనది. మెట్రిక్ పాసైనవాడు కాలేజీ మెట్లెక్కకుండగనే కచ్చేరి మెట్లెక్కి గుమాస్తాగా కుదురుకొనెను. నా బోటివారి వంశవృక్షము అక్కడనే మొదలు.

కలకత్తాలో 1857లో జరిగిన తొలి ప్రవేశ పరీక్షకు 244 మంది కూర్చుండగా 162 మంది తేరిరి. నూటికి అరువదియారు! ఆ అంకె చూచి, అది సామాన్యపు విద్యాలయమని ఎవరైన అందురా? మరుసటి ఏడు బి.ఏ. పరీక్షలో కృతార్థులైనవారు ఇరువురే. వారిలో ఒకరు బంకించంద్ర ఛటర్జీ. గుమ్మము వద్ద సులువు, లోపల కష్టము. ఈనాడు తలక్రిందులైనది; లోపలికి పోవుటయే కష్టము, పోయినవాడు ఎట్లో యొకట్లు బయటపడును.

మద్రాసు విశ్వవిద్యాలయపు తొలి పట్టభద్రులెవరో మనవారు గుర్తుంచుకొనదగినది. సి. వై. దామోదరం పిళ్ళ, కారల్ విశ్వనాథ పిళ్ళ అను నిరువురు. ఇరువురును సముద్రము దాటి సింహళములోని యాళ్ప్పాణమునుండి వచ్చిన తమిళులు. అనగా మద్రాసు ఇచ్చిన మొట్టమొదటి పట్టాలు పొరుగు దేశపువారు పట్టుకొనిపోయిరి. "మీదే ఊరు?" అని అప్పుడు ఎవరును అడిగినట్లు లేదు. పరీక్ష తేరినవాడు, జీతము కట్టగలవాడు, వాడే విద్యార్థి.

అయితే ఆ స్వర్ణయుగమును చూచి మురిసిపోనక్కరలేదు. ఊరు అడుగకపోయినను వేరే ప్రశ్నలు అడుగుచునే యుండిరి. పచ్చయ్యప్ప మొదలియారు గారి ధర్మనిధితో వెలసిన మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో 1947 వరకు హిందువులనే చేర్చుకొనిరి. మద్రాసు వైద్య కళాశాల 1875 వరకు స్త్రీలకు తలుపు తీయలేదు. ఆ యేట మేరీ షార్లీబు అను ఆంగ్ల వనితయు, మరి ముగ్గురును చేరిరి. తరువాత ముత్తులక్ష్మిగారు పుదుక్కోట మహారాజా కళాశాలలో చేరబోగా, ఆడపిల్ల వచ్చిన మగపిల్లలు చెడిపోవుదురని కొందరు గోల చేసిరట. మహారాజు స్వయముగా అనుమతించుటచే ఆమె చదివి, 1912లో మద్రాసులో వైద్యపట్టము గైకొనెను. జీతము కట్టలేని వాడు, పాఠశాల గడపయే తొక్కనీయబడనివాడు – వీరు ప్రవేశ పరీక్ష లెక్కలోనికే రాలేదు. గుమ్మము వరకు రానివానిని త్రిప్పిపంపిన లెక్క ఏ పుస్తకములోను ఉండదు.

పరీక్ష ఒక్కటే గుమ్మమైనపుడు అదెంత గ్రుడ్డిదో శ్రీనివాస రామానుజన్ గారి కథ చెప్పును. 1903 చివర మెట్రిక్ తేరి, విద్యార్థి వేతనముతో కుంభకోణము కాలేజీలో చేరి, లెక్కలు తప్ప వేరేమియు చదువక, ఆ వేతనము పోగొట్టుకొనెను. పిదప పచ్చయ్యప్ప కాలేజీనుండి ఎఫ్.ఏ. పరీక్షకు రెండుమార్లు పోయి రెండుమార్లును తప్పెను. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమాస్తా. మా వర్గమునకు ఇంతకంటె గొప్ప పేరు తెచ్చినవాడు లేడు! ఆయనకు 1913లో మద్రాసు విశ్వవిద్యాలయము, పట్టము లేకున్నను, నెలకు 75 రూపాయల పరిశోధక వేతనమిచ్చినది. రూలును ప్రక్కకు జరిపినది. రూలు జరిపిన ఆ మనుష్యులను గూడ మనము తలచుకొనవలెను.

ఇక మన కన్నడదేశము సంగతి. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పేరు లేనిదే తెలుగు సంఘముల సంచిక వెలువడదు. వారి పూర్వులు కంభం ప్రాంతపు మోక్షగుండమునుండి వచ్చినవారని మనము ప్రతి యేటను వ్రాసికొనుచునే యున్నాము. ప్రవేశముల చరిత్రలో ఆయన పేరు రెండు విధములుగ వచ్చును. ఆయన బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో చదివి 1881లో బి.ఏ. అయిరి, ఆ కాలేజీ అప్పుడు మద్రాసు విశ్వవిద్యాలయమునకు చెందినది. పిదప మైసూరు సర్కారు వేతనముపై బొంబాయి రాజధానిలోని పూనాకు పోయి ఇంజనీరింగు చదివి, 1883లో మొదటివారుగా నెగ్గిరి. ఒక సంస్థానపు డబ్బు, రెండవ రాజధాని కాలేజీ, మూడవ రాజధాని పట్టా. తెలుగు పూర్వుల బిడ్డ, కన్నడదేశపు బిడ్డ. నేటి నిబంధనల పట్టీలో ఆయనను ఏ గడిలో వేయుదురో నాకు తోచకున్నది.

రెండవది, 1916లో మైసూరు విశ్వవిద్యాలయము నెలకొల్పిన దివాను ఆయనయే. ఉద్యోగములలోను చదువులోను వెనుకబడిన వర్గములకు ప్రత్యేక అవకాశములు కావలెనని కోరగా, మహారాజావారు 1918లో ప్రధాన న్యాయాధిపతి లెస్లీ మిల్లరు గారి అధ్యక్షతన ఒక కమిటీ వేసిరి. దివానుగారికి ఆ పద్ధతి రుచింపలేదు. ఆ యేటనే పదవి వదలిరి. మనవారు దీనిని సిద్ధాంతము కొరకు చేసిన త్యాగముగా మాత్రమే వర్ణింతురు. కాని కచ్చేరీలు, కళాశాలలు ఒకటి రెండు వర్గములతోనే నిండియున్న కాలమది. బయట నిలిచినవారు గుమ్మము వెడల్పు చేయుమని అడుగుట తప్పెట్లగును? ఆ కాలముననే మన చిత్తూరుసీమ బిడ్డ కట్టమంచి రామలింగారెడ్డిగారు మైసూరులో ఆచార్యులుగాను, విద్యాశాఖాధికారిగాను పనిచేసిరి. ఒకే సంస్థానములో ఇద్దరు తెలుగు మూలపు మహానుభావులు. ఒకరినే పొగడి రెండవవారిని మరచుట మనకు తగదు.

మద్రాసులో ఈ పంపకము లెక్కల పుస్తకమంత ఖచ్చితముగా జరిగినది. కమ్యూనల్ జి.ఓ. అని పేరు. కాలేజీలో ప్రతి 14 సీట్లకు ఇట్లు: బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియనులకును క్రైస్తవులకును కలిపి 1, ముస్లిములకు 1. రాజ్యాంగము వచ్చిన పిదప చంపకం దొరైరాజన్ అను నామె దీనిపై కోర్టు కెక్కినది. విచిత్రమేమనగా ఆమె వైద్య కళాశాలకు దరఖాస్తే పెట్టలేదు. తన కులమువలన చేర్చుకొనరని విచారించి తెలిసికొని, నేరుగా హైకోర్టునకు పోయినది. 1951 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు ఆ జి.ఓ. చెల్లదన్నది. రెండు మాసములలో రాజ్యాంగమునకు మొదటి సవరణ వచ్చి, వెనుకబడిన తరగతులకు ప్రత్యేక ఏర్పాట్లు చేయుటకు ప్రభుత్వములకు వీలు కలిగినది. ఇంతవరకు అందరు చెప్పుకొను కథయే.

ఆ తీర్పులోని అంకెలను మాత్రము ఎవరును చదువరు. గుమాస్తా గనుక నాకు అంకెల మీదికే కన్ను పోవును. ఆనాటి మద్రాసు రాష్ట్రమున వైద్య కళాశాలలు 4, సీట్లు 330. అందు 17 సీట్లు ఇతర రాష్ట్రముల పిల్లలకు. 12 సర్కారు తన ఇచ్చవచ్చినట్లు ఇచ్చుకొనుటకు. మిగిలిన 301 సీట్లను జిల్లాలను నాలుగు గుంపులుగా చేసి పంచిరి. ఇంజనీరింగు కాలేజీలును 4, సీట్లు 395. ఇతర రాష్ట్రములకు 21, సర్కారుకు 12, మిగిలినవి ఆ నాలుగు గుంపులకే. చూచితిరా? 14 భాగముల పంపకమునకు ముందే ఊరి పంపకము జరిగిపోయినది! కులము గుమ్మము మీద దేశమంత తర్కించినది. ప్రక్కనున్న ఊరి గుమ్మము జోలికి ఎవరును పోలేదు. అది అట్లే నిలిచినది.

మూడేండ్లు తిరుగకముందే ఆ గుమ్మమెంత బరువైనదో మనవారికి తెలిసివచ్చినది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రమేర్పడెను. నాలుగు వైద్య కళాశాలలలో విశాఖపట్నము, గుంటూరులలోనివి ఆంధ్రకు పోయినవి. మద్రాసు నగరములోని రెండును మద్రాసుకే. ఇంజనీరింగులో కాకినాడ, అనంతపురము ఆంధ్రకు. గిండి, కోయంబత్తూరు మద్రాసుకు. మదరాసు పట్టణములో తరతరములుగ కాపురమున్న తెలుగు కుటుంబమునకు సగము కాలేజీలు ఒక్క రాత్రిలో పరరాష్ట్రమైనవి. రాయలసీమకైతే ఒక్క వైద్య కళాశాలయు లేదు. కర్నూలులో 1957లో గాని రాలేదు. అదే అక్టోబరు 1న బళ్ళారి మైసూరులో చేరెను. బళ్ళారి తెలుగువారు ఇల్లు కదలలేదు, వాకిలి కదలలేదు; సరిహద్దే వారి నెత్తి మీదుగా నడచిపోయినది. మనమందరము వలస వచ్చినవారమని అనుకొందుము గాని, బళ్ళారివారిని వలస తీసికొనివచ్చినది మ్యాపు.

మన హుబ్లీవారి సంగతి వేరు. బెజవాడ, గుంతకల్లు, బళ్ళారి మీదుగ మీటరుగేజి వచ్చినది, దానితోబాటు మన తాతలు వచ్చిరి. అప్పుడు ఈ ఊరు బొంబాయి రాజధానిలోనిది. 1956 నవంబరు 1న మైసూరు రాష్ట్రములోనికి వచ్చెను. మరుసటి యేట ఇచ్చట కర్ణాటక వైద్య కళాశాల వెలసినది. వర్కుషాపులో పనిచేయువారి పిల్లలకు నడచిపోవు దూరములో డాక్టరు చదువు! అయితే నడచిపోగలిగినంత మాత్రమున లోపలికి పోగలమా?

ఆ ప్రశ్నకు జవాబు మన రాష్ట్రమునుండి రాలేదు, మధ్యభారతమునుండి వచ్చినది. ఇందూరులోని వైద్య కళాశాలలో, ఆ రాష్ట్రమందు నివాసమున్న పిల్లలకు ప్రత్యేక రుసుము లేదు. బయటివారికి మామూలు జీతము గాక ఏడాదికి 1,300 మొదలు 1,500 రూపాయల వరకు కాపిటేషన్ ఫీజు. ఢిల్లీవాసియైన డి. పి. జోషి అను విద్యార్థి ఇది అన్యాయమని సుప్రీంకోర్టునకు పోయెను. 1955 జనవరి 27న తీర్పు వచ్చినది. మతము, జాతి, కులము, లింగము, పుట్టిన చోటు – వీనిని బట్టి భేదము చూపరాదని రాజ్యాంగమన్నది; నివాసమున్న చోటు అను మాట ఆ పట్టీలో లేదు; పుట్టుక వేరు, నివాసము వేరు; కనుక ఫీజు చెల్లునని నలుగురు న్యాయమూర్తులనిరి. ఐదవవారు, అంతకుముందు ఒరిస్సా ప్రధాన న్యాయమూర్తిగా నుండిన జగన్నాథదాసుగారు, ఒప్పుకొనలేదు.

నా దృష్టిలో వలస కుటుంబములకు చంపకం తీర్పు కంటె ఈ జోషి తీర్పే పెద్దది. ఇందులో మనకు మేలును కలదు, కీడును కలదు. నీవు నెల్లూరులో పుట్టితివి గనుక పొమ్మని మనలను ఎవరు అనజాలరు. అది మేలు. నీవు ఇక్కడ ఎన్నేండ్లుంటివి, కాగితము చూపుమని అనవచ్చును. అది కీడు. అప్పటినుండి ఇప్పటివరకు మన పిల్లల సీట్లన్నియు ఆ కాగితము చుట్టే తిరుగుచున్నవి.

తరువాతి ఇరువదియేండ్లు కోర్టులు కొలబద్ద చేతబట్టుకొని తిరిగిన కాలము. మైసూరు ప్రభుత్వము 1962లో వైద్య, ఇంజనీరింగు సీట్లలో నూటికి 68 ప్రత్యేకించగా, బాలాజీ కేసులో సుప్రీంకోర్టు అది మితిమీరినదనియు, సగమునకు లోపుగా ఉండవలెననియు చెప్పినది. మార్కులతోబాటు ముఖాముఖి ప్రశ్నలకు నూటికి ఇరువదియైదు వంతులు పెట్టుట 1964లో సరే అనిపించుకొనినది. 1981లో మూడవ వంతు పెట్టగా, అది ఎక్కువ, పదునైదు మించరాదని చెప్పిరి. పది నిమిషముల సంభాషణలో పిల్లవాని తండ్రి ఎవరో తెలియును గాని పిల్లవాని తెలివి తెలియదని మా ఆఫీసులో ఒక పెద్దాయన అనుచుండెడివారు. మద్రాసు ప్రభుత్వము జిల్లావారీగా వైద్య సీట్లు పంచగా 1968లో రాజేంద్రన్ కేసులో కొట్టివేసిరి. తెలివైన పిల్లలు ఎక్కువమంది ఉన్న జిల్లాలో మంచి మార్కులవాడు బయటనుండగా, వేరొక జిల్లాలో తక్కువ మార్కులవాడు లోపలికి పోవునని. 1971లో మాత్రము మన మైసూరు రాష్ట్రపు చంచల కేసులో, విశ్వవిద్యాలయము వారీగా పంచుట చెల్లునన్నారు. జిల్లా తప్పు, విశ్వవిద్యాలయము ఒప్పు! కర్ణాటక విశ్వవిద్యాలయపు పరిధిలో చదివినవారికి ఆ పరిధి కాలేజీలలో సీట్లు. ఇతర విశ్వవిద్యాలయములవారికి నూటికి 20 మించకుండ. అందుచే హుబ్లీలో చదువుకొన్న తెలుగు పిల్లవానికి హుబ్లీ వైద్య కళాశాల బెంగుళూరు పిల్లవానికంటె దగ్గరైనది. భాష ఏదైనను సరే, చదివిన చోటే లెక్క.

ఇదే కాలమున మన పుట్టినింట ఏమి జరుగుచుండెను? ముల్కీ నిబంధనల కలహము, 1969 తెలంగాణ ఉద్యమము, 1972 జై ఆంధ్ర ఉద్యమము, 1973లో ఆరు సూత్రముల పథకము. దాని ఫలముగ 371 డి అధికరణమును, 1974లో రాష్ట్రపతి ఉత్తర్వును వచ్చినవి. ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయముల పరిధులు మూడు స్థానిక ప్రాంతములు. సీట్లలో నూటికి 85 స్థానికులకు. స్థానికుడన ఎవడు? అర్హత పరీక్ష వ్రాయు యేటితో ముగియునట్లు వరుసగ నాలుగేండ్లు ఆ ప్రాంతమున చదివినవాడు. ఇంటిపేరు కాదు, తాతగారి మాన్యము కాదు, ఊరిలో నేటికిని మన పేరున నున్న ఇల్లు కాదు. నాలుగేండ్ల స్టడీ సర్టిఫికెట్టు. వేసవికి ఊరికి పోయినపుడు "మన ఊరు, మన కాలేజీ" అని మురిసిపోవు మనవారు ఈ వాక్యము రెండుసార్లు చదువవలెను.

ఇచ్చట కర్ణాటక సి.ఇ.టి. వారి సాధారణ నిబంధన: ఒకటవ తరగతి మొదలు పి.యు.సి. వరకు కనీసము ఏడేండ్లు ఈ రాష్ట్రమున చదివియుండవలెను. పదవ తరగతి గాని, రెండవ పి.యు.సి. గాని ఇక్కడ తేరియుండవలెను. ఒక లెక్క వేసి చూపుదును. బదిలీ ఉద్యోగి పిల్ల ఆరవ తరగతి వరకు హుబ్లీలో చదివినది, మూడేండ్లు షోలాపూరులో, పదవ తరగతియు, ఇంటరు రెండేండ్లును గుంతకల్లులో. ఇక్కడ ఆరేండ్లే, ఒక యేడు తక్కువ. అక్కడ మూడేండ్లే, ఒక యేడు తక్కువ. రెండు రాష్ట్రములలోను ఆ పిల్ల స్థానికురాలు కాదు. మార్కులు ఎన్ని వచ్చినను వేరే జాబితా క్రిందికి పోవలసినదే. కేంద్ర ప్రభుత్వోద్యోగుల పిల్లలకు వేరే వెసులుబాటు నిబంధనలు కొన్ని గలవు గాని, వానికి వేరే కాగితములు, వేరే గడువులు. ప్రైవేటు దుకాణములలో పనిచేయువారికి, మేస్త్రీలకు, నేతపనివారికి ఆ వెసులుబాటు లేదు. బదిలీ ఆర్డరు వచ్చినపుడు ఇంటి అద్దె, సామాను లారీ లెక్క చూతుము గాని, ఈ నాలుగు–ఏడు లెక్క చూచువారు తక్కువ.

1984లో ప్రదీప్ జైన్ కేసులో సుప్రీంకోర్టు, భారతదేశమున పౌరునికి డొమిసైల్ అనునది ఒక్కటే, అది భారతదేశమే యని చెప్పి, వైద్య సీట్లన్నిటిని నివాసము పేర రాష్ట్రములే పట్టుకొనరాదని, కొంత భాగము దేశమంతటికి విడువవలెనని ఆదేశించెను. రెండేండ్లకు ఆ భాగము నూటికి 15 అని ఖాయమైనది. 1951లో మద్రాసువారు విడిచిన 17 సీట్లు 330లో నూటికి ఐదు. ముప్పదియైదేండ్లలో ఐదు పదునైదైనది. ఇదియే మన ప్రగతి. 371 డి కారణముగ ఆంధ్రప్రదేశ్ చాల ఏండ్లు ఈ వాటాలో చేరలేదు. అందుచే అక్కడి పిల్లలకు దేశపు వాటాయు అందలేదు.

డబ్బు గుమ్మమును గురించి క్లుప్తముగ చెప్పెదను, ఏలనన అది చెప్పుకొన్నకొలది కడుపు మండును. ఎనుబదులలో ఆంధ్రనుండి పెట్టెలు, పరుపులు పట్టుకొని పిల్లలు బండ్ల నిండ కర్ణాటకకు దిగుచుండిరని మా సీనియర్లు చెప్పుదురు. 1989 జూన్ నాటి ఇక్కడి ఉత్తర్వు ప్రకారము ప్రైవేటు వైద్య కళాశాలలో సర్కారు సీటుకు ఏడాదికి 2,000. కర్ణాటక పిల్లలకు 25,000. బయటివారికి 60,000 వరకు. ఒకే బల్ల, ఒకే పాఠము. ఊరిని బట్టి మూడు ధరలు. మీరట్ నుండి వచ్చిన మోహినీ జైన్ గారు తుముకూరు కళాశాల విషయమున వేసిన కేసులో 1992లో అది చెల్లదన్నారు. మరుసటి యేట ఉన్నికృష్ణన్ కేసు తీర్పు ఫ్రీ సీటు, పేమెంటు సీటు అను రెండు మాటలను మన ఇండ్లలోనికి తెచ్చినది. 1994లో సి.ఇ.టి. మొదలైనది.

ఇక మన తెలుగు సంఘములకు సూటిగ సంబంధించిన సంగతి. 2002 అక్టోబరు 31న టి.ఎం.ఏ. పాయ్ ఫౌండేషన్ కేసులో పదునొకండుగురు న్యాయమూర్తులు, భాషా అల్పసంఖ్యాకులెవరో రాష్ట్రమును బట్టి తేల్చవలెనని చెప్పిరి. అనగా కడపలో తెలుగువాడు అల్పసంఖ్యాకుడు కాడు. హుబ్లీలో, బరంపురములో, షోలాపూరులో అగును. కనుక మన సంఘములు తెలుగు మైనారిటీ కళాశాలలు పెట్టుకొనవచ్చును, మన పిల్లలకు కొన్ని సీట్లు ఉంచుకొనవచ్చును. ఇంతవరకు అందరికి తెలియును. సంఘ సభలలో చప్పట్లు కొట్టితిమి. 2005లో ఇనాందార్ కేసులో చెప్పినది మాత్రము అంతగా ప్రచారములోనికి రాలేదు. అట్టి కళాశాల ముఖ్యముగ ఆ రాష్ట్రమందలి అల్పసంఖ్యాకులకే ఉపయోగపడవలెను. ప్రక్క రాష్ట్రమునుండి, అక్కడ అధిక సంఖ్యాకులైన పిల్లలను తెచ్చి నింపుకొనినచో ఆ హోదా నిలువదు. అనగా కర్ణాటకలో తెలుగు పేర పెట్టిన కాలేజీ, గుంటూరునుండి డబ్బు మూటతో వచ్చువాని కొరకు కాదు. గోకుల్ రోడ్డులోను, కేశ్వాపూర్‌లోను, రైల్వే కాలనీలలోను పుట్టి పెరిగిన మన పిల్లల కొరకు. న్యాయముగ వారిది ఆ హక్కు.

అయితే ఆ హక్కును వాడుకొనుటకు పిల్లవాడు తెలుగువాడని రుజువు కావలెను. బడిలో చేర్చునపుడు దరఖాస్తులో మాతృభాష యను గడి యుండును. మనవారిలో కొందరు మొగమాటముచే అందు కన్నడమని వ్రాయింతురు, కొందరు ఇంగ్లీషని వ్రాయింతురు, కొందరు ఖాళీగా వదలుదురు. పన్నెండేండ్ల తరువాత సీటు కొరకు అఫిడవిట్లు పట్టుకొని తిరుగుదురు. కన్నడము మన అన్నము పెట్టు భాష; దానిని మన పిల్లలు చక్కగ నేర్వవలెననుటలో సందేహము లేదు. కాని తల్లి భాష ఏదియని అడిగిన గడిలో తల్లి భాషనే వ్రాయుట ఎవరికిని అపచారము కాదు.

ఇటీవలి సంగతులు రెండు చెప్పి ముగించెదను. 2025 జనవరి 29న సుప్రీంకోర్టు, వైద్యములో పి.జి. సీట్లకు నివాసమును బట్టి రిజర్వేషను చెల్లదన్నది. ఎం.బి.బి.ఎస్. స్థాయిలో అది నిలిచియే యున్నది. రెండవది మన రెండు తెలుగు రాష్ట్రములది. 2014 విభజన చట్టము ప్రకారము పాత ప్రవేశపు కోటాలు పదేండ్లు నడచి, 2024 జూన్ 2తో ముగిసినవి. తెలంగాణ ప్రభుత్వము, అర్హత పరీక్షకు ముందు వరుసగ నాలుగేండ్లు తెలంగాణలో చదివినవారే స్థానికులని నిబంధన బిగించెను. హైకోర్టు దానిని సడలించినను, 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఆ నిబంధనను నిలిపినది. అందుచే వరంగల్లులో పుట్టి పెరిగి, ఇంటరు రెండేండ్లకు మాత్రము విజయవాడ హాస్టలులో చేరిన పిల్లవాడు తన ఊరి వైద్య కళాశాలకు స్థానికుడు కాకపోవచ్చును. ఇంతకాలము ఈ చిక్కు మన బోటి వలసవారికే అనుకొంటిమి.

కర్ణాటక, ఆంధ్ర, తెలంగాణ, మహారాష్ట్రల ప్రవేశ నిబంధనల ప్రతులను సంఘ గ్రంథాలయములో ఒక ఫైలుగ కట్టి యుంచితిని. జూన్ మాసములో బడి మార్చదలచిన వారును, బదిలీ ఆర్డరు అందినవారును, టి.సి. తీసికొనుటకు ముందే ఆదివారము ఉదయము వచ్చి చూడవచ్చును. పిల్లల స్టడీ సర్టిఫికెట్ల నకళ్ళు వెంట తెచ్చుకొనవలెను.